అందరచ్చిన్రా?

డాకర్ ర్యాలీని ఫాలో అవ్వడమంటే ఏంటో ముందే చెప్పేస్తా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. క్రికెట్‌లా బంతి బంతికీ ఏదో జరగదు. ఫోన్‌లో ఒక పేర్ల పట్టిక, పేరు పక్కన టైము. ఎడారిలో ఎక్కడో ఒక బైకు ఒక పాయింట్ దాటితే ఇక్కడ ఒక అంకె మారుతుంది. మళ్ళీ చాలాసేపు ఏమీ ఉండదు. రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చోవాలి. రాత్రికి కాసిని నిమిషాల హైలైట్స్ వీడియో వస్తుంది. అంతే.

2024 జనవరి మొదటి వారంలో మా రూమ్మేట్ ఆ పట్టిక చూపిస్తే, "ఇది మన సెమ్ రిజల్ట్స్ సైట్ లాగుందిరా" అన్నా. వాడు నెల్లూరోడు. హాస్టల్ బయట పోయే బండి సౌండ్ విని మోడల్ చెప్పేస్తాడు గానీ థర్మోడైనమిక్స్ ఇంకా క్లియర్ చేయలేదు. "నువ్వు రెండ్రోజులు చూడు, తర్వాత నువ్వే నా ఫోన్ లాక్కుంటావు" అన్నాడు. అన్నట్టే అయింది. కాకపోతే వాడనుకున్న కారణం వేరు, నాది వేరు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1977లో థియరీ సబీన్ అనే ఫ్రెంచ్ రైడర్ ఒక ర్యాలీలో బైకుతో ఎడారిలో తప్పిపోయాడు. బతికి బయటపడ్డాడు. మనమైతే ఇంకోసారి ఇసుక మొహం చూడం. ఆయన మాత్రం మిగతా వాళ్ళను కూడా అక్కడికి తీసుకెళ్ళాలనుకున్నాడు. 1978 డిసెంబర్ 26న పారిస్‌లో మొదటి ర్యాలీ బయల్దేరింది, ఆఫ్రికా మీదుగా సెనెగల్ రాజధాని డాకర్ దాకా. 2009 నుంచి దక్షిణ అమెరికాలో జరిగింది. 2020 నుంచి సౌదీ అరేబియాలో. డాకర్ ఊరికి వెళ్ళకపోయినా పేరు మాత్రం డాకరే.

బైకులకు ఇంజిన్ 450 సీసీ దాటకూడదు. ఒక సిలిండర్, దాని మీద రెండు వారాలు. దారి గూగుల్ మ్యాప్ చెప్పదు. రోడ్‌బుక్ అని ఒకటిస్తారు. ఇన్ని కిలోమీటర్లకు ఎడమకు, ఇక్కడ గుంత, ఇక్కడ రాళ్ళు, ఇక్కడి నుంచి ఇన్ని డిగ్రీల దిక్కుగా పో అని బొమ్మల్లో ఉంటుంది. గంటకు నూరు మీద పోతూ అది చదువుకోవాలి. రేసు టైము లెక్కించే భాగాన్ని స్పెషల్ అంటారు. స్పెషల్ దాకా వెళ్ళడానికి, అయిపోయాక రాత్రి శిబిరానికి చేరడానికి మామూలు హైవేల మీద, లారీల మధ్య, స్పీడ్ లిమిట్ పాటిస్తూ పోవాలి. 2024లో మొత్తం కలిపి సుమారు 7,900 కిలోమీటర్లు. మా జగిత్యాల నుంచి హైదరాబాద్‌కి ఇరవై సార్లు వచ్చిపోయినంత దూరం. మేం ఒక్కసారి ఆర్డినరీ బస్సులో వస్తేనే రెండ్రోజులు నడుం పట్టేస్తుంది.

మొదటి స్టేజ్ జనవరి 6న. మన హీరో కంపెనీ టీం తరఫున తోలిన రాస్ బ్రాంచ్ ఆ స్టేజ్ గెలిచాడు. ఆయనది బోట్స్వానా, వృత్తికి పైలట్. మా రూమ్మేట్ వేసిన కేకకు పక్క రూం వాళ్ళు కూడా వచ్చేశారు. కేరళ కుర్రాడు హరిత్ నోవా కూడా ఉన్నాడని తెలిసి అందరం ఆయన పేరు వెతుక్కున్నాం. ఆ వెతుకులాటలోనే నేను రూట్ మ్యాప్ ఓపెన్ చేశా.

అలూలా, అల్ హెనాకియా, అల్ దువాదిమీ, అల్ సలామియా... అన్నీ ఎక్కడివో పేర్లు. తర్వాతది అల్ హఫూఫ్.

ఆ పేరు నాకు తెలుసు. పుస్తకంలో చదివి కాదు. "ఈ రాత్రి హఫూఫ్‌ల పడుకుంట" అని ఫోన్‌లో బాపు అంటే విన్నా.

మా బాపు దమ్మామ్‌లో ట్రైలర్ డ్రైవరు. నాకు ఆరేళ్ళప్పుడు పోయిండు. రెండేళ్ళకోసారి రెండు నెలలు వస్తాడు. మా వైపు ఇది పెద్ద విశేషమేం కాదు, ఊర్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఇమోలో ఫోన్ చేస్తాడు. "తిన్నవా బిడ్డా?" "తిన్న బాపు." "సదువుకుంటున్నవా?" "ఆఁ." "అమ్మకియ్యి." నా వంతు అంతటితో అయిపోతుంది. పన్నెండేళ్ళలో బాపు ఏ రోడ్డు మీద తోలుతాడో, రోజుకు ఎన్ని గంటలు తోలుతాడో ఒక్కసారి కూడా అడగలేదు. రాస్ బ్రాంచ్ ఏ పాయింట్ ఎన్ని సెకన్ల తేడాతో దాటిండో మాత్రం చెప్పగలను.

ఎనిమిదో తారీఖు రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టా: "బాపు, రేపు హఫూఫ్‌కు బైకుల రేస్ వస్తదట. చూసినవా?" కొంచెం సేపటికి జవాబొచ్చింది: "నాకేం రేసు బిడ్డా. రేపు గాడికే సిమెంటు లోడు ఉన్నది. కనవడితే జూస్త."

తొమ్మిదో తారీఖు రాత్రి పదకొండింటికి బాపే ఫోన్ చేసిండు. మామూలుగా అమ్మకు చేస్తాడు, నాకు కాదు. నేను కారిడార్‌లోకి పరుగెత్తా.

"జూసిన బిడ్డా!"

హైవే మీద పెట్రోల్ బంక్ దగ్గర ఆగి ఉంటే మూడు బైకులు వచ్చాయట. ముందర నిలువుగా అద్దం, పెద్ద ట్యాంకులు, ఒళ్ళంతా నంబర్లు. టీవీలోలాగా ఎగురుకుంటూ రాలేదు, లైట్లు వేసుకుని బుద్ధిగా లైన్లో వచ్చాయి. ఇద్దరు పెట్రోల్ కొట్టించుకుంటున్నారు. మూడోవాడు హెల్మెట్ తీసి, బండి చక్రానికి ఒరిగి నేల మీద కూర్చున్నాడు. మొహమంతా దుమ్ము, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా గుండ్రాలు.

"గంతమందిల సుత కూసున్న కాడనే కన్ను మూసిండు బిడ్డా. మళ్ళ గా పక్కోడు తట్టంగనే లేసి, నడుం మీద రెండు చేతులు వెట్టుకొని గిట్ల ఇరుసుకున్నడు. గది జూసి నాకు నవ్వచ్చింది. నేను క్యాబిన్‌లకెళ్ళి దిగంగ రోజు గట్లనే జేస్త."

తర్వాత అడిగాడు. "వీళ్ళకు పైసలెంత ఇస్తరు?"

"కంపెనీ టీముల్లో ఉన్న కొందరికి ఇస్తరు బాపు. ఎక్కువ మంది వాళ్ళే పైసలు కట్టి వస్తరు. ఇల్లు, బండి అమ్ముకుని వచ్చేటోళ్ళు కూడా ఉంటరట."

"పైసలు కట్టి ఎడారిల పడుడా!" అని చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వా. నవ్వు ఆగాక అన్నాడు: "నేను సుత గట్లనే అచ్చిన గద. ఏజెంటుకు లచ్చా ఇరువై వేలు కట్టి."

నాకు ఏమనాలో తోచలేదు. బాపే మాట మార్చాడు. "సరే గని, అందరచ్చిన్రా?"

"ఎవరు?"

"గా బైకులోళ్ళు. ఇయ్యాల పొద్దుగాల పోయినోళ్ళు అందరు మాపటికి చేరిన్రా అంటున్న."

మా జగిత్యాల దిక్కు "వచ్చారా"ని "అచ్చిన్రా" అంటాం. నేను అప్పటిదాకా పట్టికను పై నుంచే చూశా. మొదటి పది పేర్లు చూసి మూసేసేవాణ్ణి. కింది దాకా ఎప్పుడూ పోలేదు. "చూసి చెప్తా బాపు" అని రూంలోకొచ్చి కిందికి జరిపా. గెలిచినవాడు స్నానం చేసి, తిని, నిద్రపోయేటప్పటికి కూడా ఎడారిలోనే తోలుకుంటూ వచ్చేవాళ్ళు ఆ కింది పేర్లు. వాళ్ళలో టీం లేనివాళ్ళు, మెకానిక్ లేనివాళ్ళు కూడా ఉంటారు. సామాన్లన్నీ ఒక పెట్టెలో పెట్టుకుని, రాత్రి శిబిరానికి చేరాక బండి తామే బాగుచేసుకుని, మిగిలిన రెండు మూడు గంటలు గుడారంలో పడుకుని, పొద్దున్నే మళ్ళీ బయల్దేరాలి. సాయంత్రం హైలైట్స్‌లో వాళ్ళకు అర నిమిషం కూడా దక్కదు.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ బాపు ఫోన్ చేయడం, "అందరచ్చిన్రా?" అనడం. ఎవరు ఫస్టో ఒక్కసారి కూడా అడగలేదు.

అందరూ రాలేదని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఏడో తారీఖు రెండో స్టేజ్‌లో స్పెయిన్ రైడర్ కార్లెస్ ఫాల్కన్ పడిపోయాడు. వయసు 45. హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారని వార్తల్లో చదివాం. "ఒకాయన పడ్డడు, హాస్పిటల్‌ల ఉన్నడు" అని చెప్తే బాపు పేరడిగి, పలకడం రాక వదిలేశాడు. తర్వాత "స్పెయినాయన ఎట్లున్నడు?" అని అడిగేవాడు.

పదకొండో తారీఖు నుంచి ర్యాలీలో కొత్తగా పెట్టిన పరీక్ష మొదలైంది. రబ్ అల్ ఖాలీ అంటే ఏమీ లేని చోటు అని అర్థమట, అక్కడ రెండు రోజుల స్టేజ్. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎక్కడుంటే ఆ తర్వాత తగిలే శిబిరంలో ఆగిపోవాలి. అక్కడ మెకానిక్ లేడు, టీం లేదు, తాను ఎన్నో స్థానంలో ఉన్నాడో కూడా తెలియదు. ఒక గుడారం, పడుకునే సంచి, కొంత తిండి. పొద్దున్న ఏడింటికి మళ్ళీ మొదలు. నేను అప్పటికి సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చా. అమ్మ సకినాల పిండి కలుపుతోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బాపుకు ఇదంతా చెప్తున్నా. చెప్తూ చెప్తూ ఒక రూల్ గురించి చెప్పా. దారిలో ఎవరైనా పడిపోతే వెనకొచ్చేవాడు ఆగి సాయం చేయాలి. అలా ఆగినందుకు పోయిన టైమును తర్వాత లెక్కగట్టి తిరిగి ఇచ్చేస్తారు. 2020లో పోర్చుగల్ రైడర్ పాలో గోన్సాల్వెస్ పడిపోతే, అంతకుముందు ఏడు గెలిచిన టోబీ ప్రైస్ రేసు ఆపి ఆయన పక్కనే ఉండిపోయాడు. గోన్సాల్వెస్ బతకలేదు.

అటు నుంచి ఏం మాట రాలేదు. సిగ్నల్ పోయిందనుకున్నా.

"ఆగినోనికి టైము మళ్ళ ఇస్తరా?" అన్నాడు బాపు.

"ఇస్తరు."

"మంచి రూలు బిడ్డా. రెండేండ్ల కింద జూన్ నెలల బత్తా బార్డర్ రోడ్డు మీద నా బండి గేరుబాక్స్ పోయింది. ఫోన్‌ల సిగ్నల్ లేదు. క్యాబిన్‌ల కూసుంటే పెనం మీద కూసున్నట్టే, ట్రైలర్ కిందికి జొచ్చి పండుకున్న. నీళ్ళు ఒడిసినయి. ఎన్నో బండ్లు పోయినయ్, మందికి మంది టైముకు లోడు దించాలె గద, ఎవ్వరినననీకి లేదు. ఒక పాకిస్తానాయన ఆగిండు. నీళ్ళిచ్చి, రొట్టె ఇచ్చి, ముంగటికి పోయి మా ఆఫీసుకు ఫోన్ జేసి, మళ్ళ ఎనకకచ్చి చెప్పి పోయిండు. లోడు లేటయిందని గాయనకు పైసలు కోసిన్రంట. తర్వాత తెలిసింది. గాయన టైము ఎవ్వడు తిరిగియ్యలే."

అమ్మ చేయి పిండిలోనే ఆగిపోయింది. "గిది మాకెన్నడు చెప్పలేదు" అంది.

"చెప్తే నువ్వు పండుకుంటవా?"

నేను లెక్క వేసుకుంటున్నా. రెండేళ్ళ కింద జూన్. 2022 జూన్ 28న మా ఇంటర్ రిజల్ట్స్. నాకు మంచి మార్కులొచ్చాయి. చుట్టాలందరూ ఫోన్ చేశారు, బాపు తప్ప. రెండు రోజులు చూశా. మూడో రోజు చేసి "మంచిగయింది బిడ్డా" అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. నేను "ఆఁ" అని అమ్మకు ఫోన్ ఇచ్చేశా. ఆ తర్వాత చాలా నెలలు ఆ "ఆఁ"నే మాట్లాడా. ఈయనకు మన చదువు పట్టదు, పైసలు పంపితే సరిపోతుందనుకుంటాడు అని ఫ్రెండ్స్ దగ్గర అన్నా కూడా.

"బాపు, అది మా రిజల్ట్స్ అప్పుడా?"

"గప్పుడే గావచ్చు" అన్నాడు. గావచ్చు కాదు, ఆయనకు తారీఖుతో సహా గుర్తుందని గొంతులో తెలిసిపోయింది.

నేను సారీ చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాట వాడే అలవాటు లేదు. "రేపు పొద్దున ఏడింటికి మళ్ళ స్టార్ట్ చేస్తరు బాపు" అన్నా. "సలి బాగుంటది గాడ. జనవరిల ఎడారి రాత్రి మనూరి సలి లెక్కుండది, ఎముకలు కొరుకుతది" అన్నాడు. మేమిద్దరం ఆ రాత్రి అరగంట మాట్లాడుకున్నాం. అమ్మ తన వంతు అడగలేదు.

సంక్రాంతి పదిహేనో తారీఖు. మేడ మీద పతంగులు ఎగరేస్తుంటే రూమ్మేట్ మెసేజ్ పెట్టాడు: ఫాల్కన్ చనిపోయాడు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా చూడని మనిషి. పట్టికలో ఒక పేరు, అంతే. అయినా దారం చేతిలోనుంచి జారిపోయింది, పక్కింటి పిల్లలు "కాటే" అని అరిచారు.

రాత్రి బాపు ఫోన్ చేసి పండగ ముచ్చట్లు అయ్యాక ఎప్పటిలాగే అడిగాడు. "అందరచ్చిన్రా?"

"అచ్చిన్రు బాపు."

స్పెయినాయన సంగతి ఆ రోజు అడగలేదు. నేను చెప్పలేదు. పండగ పూట, రోజంతా రోడ్డు మీదుండే మనిషికి ఇదెందుకు చెప్పడం అనుకున్నా. ఫోన్ పెట్టేశాక గానీ వెలగలేదు, బాపు పన్నెండేళ్ళుగా మాతో చేస్తున్నది ఇదేనని.

రెండ్రోజులు ఆగి చెప్పేశా. "బాపు, గాయన పోయిండు. పండుగనాడే. నేనే చెప్పలే."

"నాకెర్కనే బిడ్డా. రూంల మనోళ్ళు ఫోన్‌ల జూపెట్టిన్రు."

"మరి నువ్వెందుకు అడగలే?"

"నువ్వు చెప్పొద్దనుకున్నవని నేను అడగలే."

కొంచెం సేపు ఇద్దరం ఏమీ అనలేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నట్టున్నాం. అప్పుడు నేనే అన్నా: "బాపు, ఒక పని చెయ్యి. లోడు దించి చేరంగనే నాకొక మెసేజ్ పెట్టు. ఎంత రాత్రైనా సరే. ఏమైనా అయితే అదీ పెట్టు." "గదెందుకు బిడ్డా" అన్నాడు. "నువ్వు అందరి సంగతి అడుగుతలేవా, నీ సంగతి నేనడగొద్దా" అన్నా. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

పందొమ్మిదో తారీఖున యాన్బులో ర్యాలీ అయిపోయింది. అమెరికన్ రికీ బ్రాబెక్ 51 గంటల 30 నిమిషాల మొత్తం టైముతో గెలిచాడు. రాస్ బ్రాంచ్ 10 నిమిషాల 53 సెకన్ల తేడాతో రెండో స్థానం. ఒక భారతీయ కంపెనీ బండి అంతపైన నిలవడం అదే మొదటిసారి. హరిత్ నోవా మొత్తమ్మీద పదకొండో స్థానం, ర్యాలీ 2 తరగతిలో మొదటి స్థానం. రూమ్మేట్ ఆ రాత్రి ఫ్లోర్ మొత్తానికి సమోసాలు తెప్పించాడు. నేను తెచ్చిన సకినాలు కూడా అప్పుడే ఖాళీ అయ్యాయి. బాపుకు పంపిన సకినాల డబ్బా మాత్రం ఊరి నుంచి దమ్మామ్ పోయే ఒకాయన చేతికిచ్చాం. చేరేసరికి సగం పొడైపోయాయట. ఆ పొడి కూడా రూంలో ఎనిమిది మందీ పంచుకున్నారట.

ప్రతి జనవరిలో డాకర్ ఉంటుంది. మా రూమ్మేట్ లాంటివాడెవడో మీకూ పట్టిక చూపిస్తాడు. చూడండి, బాగుంటుంది. ఒక్కటే చెప్తా. రాత్రి పడుకునే ముందు ఒకసారి పట్టిక కింది దాకా పొండి. అక్కడున్న పేర్ల పక్కన టైము పడిందో లేదో చూడండి.

బాపు టైపు చేయడు. రాత్రి ఏ పన్నెండింటికో ఒంటిగంటకో రెండు సెకన్ల వాయిస్ మెసేజ్ వస్తుంది. వెనక ఇంజిన్ ఇంకా ఆగి ఉండదు. ఒకటే మాట ఉంటుంది.

"అచ్చిన."